ఆర్క్ వెల్డింగ్ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు: వెలుగుని కాదు, మడుగుని చూడాలి

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం చదివాను. పశువుల కొట్టానికి గేటు, ట్రాక్టర్ ట్రాలీకి చిన్నచిన్న రిపేర్లు ఇంటి దగ్గరే చేసుకుందామని 200 ఆంప్స్ ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్ కొన్నావు. షాపులో ఇచ్చిన రాడ్లతో మొదలుపెట్టావు. రాడ్ తాకించగానే అతుక్కుపోతోంది, ఆంప్స్ పెంచితే స్క్వేర్ పైపుకి బొక్క పడుతోంది, ఎలాగోలా వేసింది పైకి బాగానే కనిపించినా సుత్తితో ఒక్కటి కొడితే ఊడి వస్తోంది, పైగా ఆ రాత్రి కళ్ళు మండి నిద్ర పట్టలేదు అన్నావు. చివర్లో ఇంకో మాట రాశావు, కూలింగ్ గ్లాసెస్ పెట్టుకునే చేశానని. మిగతావన్నీ తర్వాత, ముందు ఈ చివరి మాట సంగతి చూడాలి. ఎందుకంటే అది కంటి సమస్య మాత్రమే కాదు, నీ వెల్డింగ్ కుదరకపోవడానికి సగం కారణం కూడా అదే.

కూలింగ్ గ్లాసెస్ ఎంత ఖరీదైనవైనా ఆర్క్ ముందు పనికిరావు. ఆర్క్ నుంచి మనకి కనిపించే వెలుగుతో పాటు కనిపించని అతినీలలోహిత కిరణాలు చాలా బలంగా వస్తాయి, అవి కార్నియా పైపొరని కాలుస్తాయి. ఆ సమయంలో నొప్పి తెలియదు, అదే దీంతో ఉన్న ప్రమాదం. కొన్ని గంటలు గడిచాక, ఎక్కువగా రాత్రి పడుకునే వేళకి కళ్ళు గరగరలాడతాయి, నీళ్ళు కారతాయి, వెలుతురు చూడలేవు. చాలామందికి ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది కానీ పదేపదే కాల్చుకుంటే కంటికి మంచిది కాదు. ఊళ్ళో ఆలుగడ్డ ముక్కలు పెట్టమంటారు, చంటిపిల్ల తల్లి పాలు చుక్కలు వేయమంటారు, రెండూ వద్దు. కాలిన కంట్లో బయటివి ఏవీ పడకూడదు, ఇన్ఫెక్షన్ వస్తే అసలు దెబ్బ కంటే అదే పెద్దదవుతుంది. కళ్ళు నలపకుండా, మూసిన రెప్పల మీద చల్లటి శుభ్రమైన గుడ్డ వేసుకుని చీకట్లో ఉండి, తెల్లారగానే కంటి డాక్టర్‌కి చూపించుకో. మెడికల్ షాపులో తిమ్మిరి చుక్కలు అడిగి కొనుక్కుని వేసుకునేవాళ్ళు ఉన్నారు. అవి నొప్పి తెలియకుండా చేస్తాయి కానీ గాయాన్ని మాననివ్వవు, డాక్టర్ చెప్పకుండా వాటి జోలికి పోవద్దు.

ఇప్పుడు హెల్మెట్ సంగతి. చేత్తో పట్టుకునే స్క్రీన్ చవక, కానీ కొత్తవాడికి ఒక చెయ్యి దాన్ని పట్టుకోవడానికే సరిపోతుంది. తలకి పెట్టుకునేది తీసుకో, డబ్బు పెట్టగలిగితే ఆర్క్ వెలగగానే తనంతట తానే నల్లబడే ఆటో డార్కెనింగ్ హెల్మెట్ తీసుకో. నీ మెషిన్ మీద నువ్వు చేయబోయే పనికి నల్ల అద్దం 10 లేదా 11 నంబర్ సరిపోతుంది. మామూలు హెల్మెట్ అయితే నల్ల అద్దానికి ముందు ఒక తెల్ల అద్దం కూడా ఉంటుంది, రవ్వలు పడి అది మసకబారుతుంది. పది, ఇరవై రూపాయల ఆ అద్దాన్ని మార్చకుండా నెలల తరబడి లాగేవాళ్ళని షెడ్డుల్లో చూస్తూనే ఉంటాను. సరిగ్గా కనపడనివాడు సరిగ్గా వేయలేడు. నువ్వు పని చేసేటప్పుడు చుట్టూ పిల్లలు చేరి చూస్తారు, వాళ్ళని దూరం పంపు, లేదంటే మధ్యలో మందపాటి టార్పాలిన్ అడ్డం కట్టు. ఒంటి మీద కాటన్ ఫుల్ చేతుల చొక్కా, తోలు గ్లౌజులు, కాళ్ళకి బూట్లు, ప్యాంటు అంచు బూటు లోపలికి దోపకుండా బయట. పాలిస్టర్ చొక్కా మీద రవ్వ పడితే అది కరిగి చర్మానికి అంటుకుంటుంది. చెప్పులతో మాత్రం చేయకు.

అద్దం కళ్ళని కాపాడుతుందని అందరికీ తెలుసు. అసలు విషయం, ఆ అద్దం చూడటానికి. నంబర్ అద్దం లోంచి చూస్తే ఆర్క్ వెలుగు తగ్గి, దాని కింద కరిగిన ఇనుము చిన్న మడుగులా కనిపిస్తుంది. కూలింగ్ గ్లాసెస్‌తో నువ్వు ఆ మడుగుని చూసే అవకాశమే లేదు, వెలుగు ఒక్కటే చూసి ఉంటావు, మధ్యలో కళ్ళు మూసుకుని కూడా ఉంటావు. వెల్డింగ్ అంటే ఆ మడుగుని నీకు కావలసిన సైజులో తయారుచేసుకుని, కావలసిన దారిలో, కావలసిన వేగంతో నడిపించడం. ఆంప్స్, రాడ్ కోణం, ఎత్తు, చెయ్యి వేగం ఇవన్నీ పుస్తకంలో విడివిడిగా ఉంటాయి కానీ చేసేటప్పుడు అన్నిటికీ జవాబు ఆ మడుగులోనే కనిపిస్తుంది. నేను కుర్రాళ్ళకి నేర్పేటప్పుడు మొదట అడిగేది "నీకేం కనిపిస్తోంది" అనే. రాడ్ కొస కనిపిస్తోంది అంటే ఇంకా రాలేదన్నట్టు.

అక్కడ ఏం జరుగుతుందో కొంచెం తెలుసుకో, అప్పుడు చూసేది అర్థమవుతుంది. మెషిన్ నుంచి ఒక కేబుల్ రాడ్‌ని పట్టుకునే హోల్డర్‌కి, ఇంకోటి ఎర్త్ క్లాంప్ ద్వారా నీ ఇనుముకి వెళ్తుంది. రాడ్ తాకించి కొద్దిగా పైకి లేపగానే ఆ సందులోంచి కరెంట్ దూకుతుంది, అదే ఆర్క్. ఇనుము సుమారు 1500 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఆర్క్ వేడి దానికి కొన్ని రెట్లు. దాంతో కింద ముక్క కరుగుతుంది, రాడ్ కొస కరిగి బొట్లుబొట్లుగా అందులో పడుతుంది, రెండూ కలిసిన మడుగు గట్టిపడితే అతుకు. రాడ్ మీద ఉన్న పూత కాలి వాయువుగా మారి ఆ మడుగుకి గాలి తగలకుండా కప్పుతుంది, మిగిలింది స్లాగ్‌గా పైన తేలి చల్లారేదాకా మూతలా ఉంటుంది. ఈ పూత లేని ఉత్తి తీగతో వేసిన వెల్డింగ్ నిండా చిల్లులు వచ్చి పెళుసుగా ఉండేది. 20వ శతాబ్దం మొదట్లో స్వీడన్ ఇంజనీరు ఆస్కార్ షెల్‌బెర్గ్ ఓడల బాయిలర్ల రిపేర్లలో ఈ చిక్కు చూసి పూత రాడ్‌ని తయారుచేశాడు, 1904లో ఆయన పెట్టిన వెల్డింగ్ కంపెనీయే ఈసాబ్. కాబట్టి పూత రాలిపోయిన రాడ్, తడిసిన రాడ్ అంటే సగం పనిముట్టు పోయినట్టే. వాటిని వాడకు.

అద్దంలోంచి చూస్తే మడుగు బాగా మెరుస్తూ, నీళ్ళలా కదులుతూ ఉంటుంది. దాని వెనక కొంచెం ముదురు రంగులో, మందంగా కదిలేది స్లాగ్. ఈ రెండిటికీ తేడా పట్టడమే మొదటి వారంలో నీ పని. స్లాగ్ ఎప్పుడూ ఆర్క్ వెనకే ఉండాలి. అది ఆర్క్ ముందుకి వచ్చేసిందంటే నువ్వు ఇనుము మీద కాదు, స్లాగ్ మీద వేస్తున్నావు, చల్లారాక లోపల స్లాగ్ ఇరుక్కుని ఉంటుంది. నీది సుత్తి దెబ్బకి ఊడిపోవడానికి ఒక కారణం ఇదై ఉండొచ్చు. రెండోది, కింద ముక్క కరగకుండానే రాడ్ బొట్లు దాని మీద పడి కూర్చోవడం. పైనుంచి చూస్తే గుబ్బగా, నిండుగా ఉంటుంది, లోపల అతుకే లేదు. ఊడొచ్చిన చోటు చూడు, కింద ముక్క అంచు కోసినప్పటి గీతలతో అలాగే నున్నగా ఉంటే కరగలేదని అర్థం.

ఇక రాడ్లు. షాపులో నీకు ఇచ్చింది దాదాపు ఖాయంగా 6013 రకం. ఇందులో 60 అంటే అతుకు లోహం చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల లాగుడు బలం తట్టుకోవాలని, ఆ తర్వాత 1 అంటే అన్ని పొజిషన్లలో, అంటే పరిచినదాని మీద, నిలువుగా, తలపైన కూడా వేయొచ్చని, చివరి అంకె పూత రకాన్ని, ఏ కరెంట్ మీద నడుస్తుందో చెప్తుంది. నేర్చుకోవడానికి, గేట్లకి, గ్రిల్స్‌కి ఇదే మంచిది, ఆర్క్ సులువుగా వెలుగుతుంది, స్లాగ్ సులువుగా ఊడుతుంది. ఎవరైనా 7018 బలంగా ఉంటుంది అదే వాడు అంటే ఇప్పుడే వద్దు. అది లో హైడ్రోజన్ రాడ్, అంటే అతుకులోకి హైడ్రోజన్ తక్కువ చేరే రకం, తేమ లేకుండా ఓవెన్‌లో కాల్చి వేడిగానే వాడాల్సింది, విప్పిన ప్యాకెట్‌ని షెడ్డులో పడేసి వాడితే దాని గొప్పతనం ఏమీ మిగలదు. సైజుల దగ్గర అయోమయపడకు, మన దగ్గర ఇంకా పాత గేజ్ లెక్కే నడుస్తుంది: 12 నంబర్ రాడ్ అంటే 2.5 మిల్లీమీటర్లు, 10 నంబర్ అంటే 3.15, 8 నంబర్ అంటే 4. నంబర్ తగ్గేకొద్దీ రాడ్ లావవుతుంది. 2.5 రాడ్‌కి సుమారు 60 నుంచి 90 ఆంప్స్, 3.15 రాడ్‌కి 90 నుంచి 130 దాకా. ప్యాకెట్ మీద ఆ కంపెనీ ఇచ్చిన లెక్క ఉంటుంది, చూసుకో. తక్కువ ధర మెషిన్లలో డిస్‌ప్లే మీద అంకె, నిజంగా వచ్చే కరెంట్ ఒకటే కాకపోవచ్చు, అందుకే ఎవరో చెప్పిన నంబర్ పెట్టుకుని కూర్చోకుండా, మధ్యలో మొదలుపెట్టి మడుగుని చూసి అటూ ఇటూ ఐదేసి ఆంప్స్ జరుపుకో.

రాడ్ అతుక్కుపోవడం గురించి. చెయ్యి తిరగకపోవడం ఒక కారణం, దాని సంగతి కింద చెప్తాను, కానీ పల్లెల్లో అసలు దొంగ చాలాసార్లు కరెంటే. 2.5 రాడ్‌తో చేసినా మెషిన్ రెండు కిలోవాట్ల పైనే లాగుతుంది, 3.15 అయితే మూడు దాటుతుంది. ఫ్యాన్లకి వేసిన సన్న వైరు, ఐదు ఆంప్స్ సాకెట్, చుట్ట చుట్టి పెట్టిన పొడవాటి ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద ఇది నడవదు. వోల్టేజ్ పడిపోతుంది, వైరు కాలుతుంది. మీటర్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించి, ఎంసీబీతో ఒక 16 ఆంప్స్ ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించుకో, ఎర్త్ వైరు నిజంగా భూమిలోకి వెళ్ళిందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించు. సాయంత్రం మోటార్లన్నీ నడిచే వేళ వోల్టేజ్ తక్కువుంటే ఆ టైంలో ప్రాక్టీస్ మానేయ్, నీ చెయ్యి బాగోలేదనుకుని అనవసరంగా టెన్షన్ పడతావు. తర్వాత ఎర్త్ క్లాంప్. తుప్పు మీద, పెయింట్ మీద క్లాంప్ పెడితే కరెంట్ వెళ్ళదు. గ్రైండర్‌తో మెరిసేదాకా రుద్ది, వెల్డింగ్ చేసే చోటుకి దగ్గరగా పెట్టు. రాడ్లు చెమ్మగిల్లినా అతుక్కుంటాయి, వానాకాలం అయితే ప్యాకెట్‌ని గాలి చొరని డబ్బాలో పెట్టుకో, 6013 అయితే ఎండలో బాగా ఆరబెట్టినా చాలావరకు పనికొస్తుంది.

నీ మెషిన్ డీసీ కాబట్టి కేబుల్స్ ఎటు పెట్టాలన్న ప్రశ్న వస్తుంది. 6013 ఎటు పెట్టినా నడుస్తుంది. నేనైతే పల్చటి వాటికి హోల్డర్‌ని మైనస్‌కి పెట్టమంటాను, లోపలికి తక్కువ దిగుతుంది. 7018 వాడే రోజు వస్తే హోల్డర్ ప్లస్‌కి. ఇంతకంటే ఇప్పుడు అక్కర్లేదు.

ప్రాక్టీస్ స్క్వేర్ పైపు మీద మొదలుపెట్టడం పొరపాటు, కొత్తవాళ్ళందరూ అక్కడే మొదలుపెడతారు, ఎందుకంటే ఇంట్లో అదే ఉంటుంది. గోడ మందం 1.2, 1.6 మిల్లీమీటర్లుండే పైపు అనుభవం ఉన్నవాడికే కష్టం. పాత ఇనుప సామాన్ల షాపుకి వెళ్ళి 5, 6 మిల్లీమీటర్ల ఫ్లాట్ పట్టీ ముక్కలు కిలోల లెక్కన తెచ్చుకో. తుప్పు, పెయింట్ గ్రైండర్‌తో తీసేయ్. కింద గొంతుక్కూర్చుని కాకుండా నడుము ఎత్తు బల్ల మీద పెట్టుకో, కుడిచేతి వాటం అయితే ఎడమ చెయ్యి కుడి మణికట్టు కింద ఆసరా ఇవ్వు, మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచు. కేబుల్ బరువు చేతిని లాగుతుంది, దాన్ని భుజం మీదనో బల్ల మీదనో వేసుకో. మెషిన్ ఆన్ చేయకముందే గీత మొత్తం ఉత్త చేత్తో ఒకసారి నడిపి చూడు, మధ్యలో చెయ్యి ఎక్కడ ఇరుక్కుంటుందో అప్పుడే తెలుస్తుంది.

ఆర్క్ వెలిగించడానికి అగ్గిపుల్ల గీసినట్టు రాడ్ కొసని ముక్క మీద గీసి వెంటనే కొద్దిగా లేపు. పొడిచి ఉంచితే అతుక్కుంటుంది, భయపడి బాగా పైకి లేపితే ఆరిపోతుంది. గీసేది కూడా వెల్డింగ్ పడబోయే దారిలోనే గీయి, పక్కన గీస్తే ఆ మచ్చలు ఉండిపోతాయి. అతుక్కుంటే పక్కకి ఒక్క గట్టి విదిలింపు, అప్పటికీ రాకపోతే హోల్డర్ నొక్కి రాడ్ వదిలేయ్. ఆ గాబరాలో హెల్మెట్ ఎత్తేస్తారు, ఎత్తకు, ఊడేటప్పుడు మళ్ళీ మెరుస్తుంది. వెలిగాక రాడ్ కొసకీ ముక్కకీ మధ్య సందు దాదాపు రాడ్ లావంత ఉండాలి, అంతకంటే తక్కువైనా ఫర్వాలేదు, ఎక్కువ మాత్రం వద్దు. సందు పెరిగితే శబ్దం మారిపోతుంది, రవ్వలు ఎగురుతాయి, బొట్లు ఎక్కడపడితే అక్కడ పడతాయి, గాలి లోపలికి వెళ్ళి చిల్లులు వస్తాయి. సందు సరిగ్గా ఉన్నప్పుడు శబ్దం ఆగకుండా ఒకే తీరున చిటపటలాడుతుంది, నాలుగు రోజుల్లో నీ చెవి దాన్ని పడుతుంది.

కొత్తవాళ్ళకి ఎవరూ విడమరచి చెప్పని విషయం ఒకటుంది. రాడ్ కాలుతూ పొట్టి అవుతుంది కదా, కాబట్టి చెయ్యి పక్కకి నడుస్తూనే కిందకి కూడా దిగుతూ ఉండాలి, రెండు కదలికలు ఒకేసారి. పక్కకి మాత్రమే నడిపితే సందు దానంతట అదే పెరుగుతుంది, గీత సగానికి వచ్చేసరికి ఆర్క్ ఆరిపోతుంది, మెషిన్ పాడైందనుకుంటారు. రాడ్‌ని నిటారు నుంచి పదిహేను ఇరవై డిగ్రీలు నువ్వు వెళ్ళే వైపుకి వాల్చి, మడుగు వెనక ఉండేలా లాగుతూ వెళ్ళు, నెట్టుకుంటూ పోతే స్లాగ్ ముందుకి వస్తుంది. మొదట్లో అటూ ఇటూ ఊపొద్దు, నేరుగా లాగు. మడుగు వెడల్పు రాడ్ లావుకి రెండింతలు, రెండున్నర ఉండేలా చూసుకుంటూ వేగం సర్దుకో: వెడల్పు పెరిగితే నువ్వు నెమ్మది, సన్నబడితే వేగం ఎక్కువ. గీత చివర ఠక్కున లేపకుండా ఒక్క క్షణం ఆగి కొద్దిగా వెనక్కి వచ్చి గుంట నింపి అప్పుడు లేపు, ఆ గుంటల్లోనే పగుళ్ళు మొదలవుతాయి. మధ్యలో రాడ్ అయిపోతే స్లాగ్ కొట్టేసి, బ్రష్ చేసి, గుంటకి ఒక సెంటీమీటర్ ముందు వెలిగించి వెనక్కి వచ్చి గుంటలో కలుపుకుని మళ్ళీ ముందుకి సాగు. స్లాగ్ కొట్టేటప్పుడు తెల్ల కళ్ళద్దాలు ఉండాలి, ఎర్రగా కాలుతున్న పెంకు నేరుగా కంటికే వస్తుంది.

ఇలా ఒక ముక్క మీద పక్కపక్కనే గీతలు వేస్తూ పో, ప్రతి గీత పక్క గీత మీద మూడో వంతు ఎక్కేలా. చల్లారాక చూడు. గీత సన్నగా, ఎత్తుగా, అంచులు ముక్కలో కలవకుండా ఉంటే ఆంప్స్ తక్కువ. పల్చగా పరుచుకుని, అంచుల పక్కన గాడి పడి, చుట్టూ రవ్వలు అంటుకుని ఉంటే ఎక్కువ. ఒకే గీతలో మొదట్లో బాగుండి చివరికి వెడల్పయితే ముక్క వేడెక్కిపోయింది, కాసేపు ఆగు. నీ మెషిన్ ప్లేటు మీద డ్యూటీ సైకిల్ అని ఉంటుంది. 60 శాతం అని ఉంటే ఆ ఆంప్స్ దగ్గర పది నిమిషాల్లో ఆరు నిమిషాలే ఆర్క్ నడపాలని, మిగతా నాలుగు నిమిషాలు ఫ్యాన్ తిరగనివ్వాలని అర్థం.

గీతలు నిలకడగా వస్తున్నాయనిపించాక రెండు పట్టీలని టీ ఆకారంలో నిలబెట్టి ఒక్క వైపే వెల్డింగ్ వేయి. రాడ్ రెండు ముక్కలకీ మధ్యన 45 డిగ్రీల్లో ఉండాలి, మడుగు రెండు ముక్కలనీ, మూలనీ కరిగిస్తోందో లేదో చూస్తూ వెళ్ళు. చల్లారాక దాన్ని వైస్‌లో బిగించి, వెల్డింగ్ లేని వైపుకి కాకుండా వెల్డింగ్ ఉన్న వైపుకే మడిచేలా పెద్ద సుత్తితో కొట్టు, అతుకు మూల దగ్గర తెరుచుకుని విరగాలి. విరిగిన ముఖం చూడు. మూల దాకా లోహం విరిగిన గరుకు కనిపిస్తే మంచిది, మూలలో నున్నటి గీతో నల్లటి స్లాగో కనిపిస్తే అంతమేర అతుకు లేదు. విరగకుండా మొత్తం వంగిపోతే ఇంకా మంచిది. ఐటీఐల్లో నేర్పేది, కంపెనీల్లో పరీక్ష పెట్టేది కూడా ఈ పద్ధతే. పైన అందంగా ఉందా అని ఫొటోలు తీసుకోవడం కంటే ఇలా విరగ్గొట్టి చూసుకోవడం వల్లే చెయ్యి బాగుపడుతుంది.

దీని తర్వాత స్క్వేర్ పైపుకి రా. 2 మిల్లీమీటర్ల రాడ్ దొరికితే అది, లేకపోతే 2.5 రాడ్‌ని 50, 60 ఆంప్స్ మీద. కోత సరిగ్గా ఉండి సందు లేకుండా కూర్చుంటే సగం పని అయిపోయినట్టే, సందు ఉన్నచోటే బొక్క పడుతుంది. ఏకబిగిన లాగకుండా, చిన్న చిన్న అంగలుగా వేస్తూ మడుగు ఎర్రగా కుంగడం మొదలవగానే లేపేయ్, రంగు తగ్గాక పక్కన ఇంకోటి. నిలువు అతుకు పల్చటి పైపు మీద పైనుంచి కిందకి లాగితే లోపలికి తక్కువ దిగుతుంది, బొక్క పడదు. మందపాటి ఇనుము మీద, బరువు మోసే చోట మాత్రం ఆ పని చేయకు, అక్కడ కింది నుంచి పైకే. గేటు ఫ్రేమ్ అయితే సమతలంగా పరిచి, మూలమట్టం పెట్టి, నాలుగు మూలలా ముందు టాక్‌లు, అంటే పట్టి ఉంచే చిన్న చుక్క అతుకులు మాత్రమే కొట్టు. రెండు మూలవాట్ల పొడవు టేపుతో కొలువు, సమానంగా ఉంటేనే ఫ్రేమ్ చదరంగా ఉన్నట్టు. చల్లారేటప్పుడు వెల్డింగ్ తన వైపుకి లాగుతుంది, అందుకే ఒక మూల పూర్తిచేసి పక్క మూలకి పోకుండా ఎదురు మూలకి పోతూ, ఒకే వైపు అంతా వేయకుండా తిప్పుతూ వేయాలి.

నువ్వు కొట్టానికి జీఐ పైపు వాడదామనుకుంటున్నావు కాబట్టి ఇది కూడా. జీఐ మీద ఉన్నది జింక్ పూత, ఆర్క్ తగలగానే తెల్లటి పొగ వస్తుంది. అది పీలిస్తే సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు, నోట్లో లోహపు రుచి వస్తాయి, మామూలుగా ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది. పాలు తాగితే, బెల్లం ముక్క తింటే ఏం కాదంటారు, ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన పొగని కడుపులోకి వెళ్ళిన పాలు ఆపలేవు. అతుకు పడే చోట నాలుగు వైపులా రెండు మూడు సెంటీమీటర్ల మేర పూత గ్రైండర్‌తో తీసేయ్, అది చేసేటప్పుడు కూడా డస్ట్ మాస్క్ ఉండాలి. ఆరుబయట, గాలి పక్కనుంచి వీచేలా నిలబడు, తల పొగలో పెట్టకు. వెల్డింగ్ అయ్యాక ఆ చోట జింక్ పెయింట్ వేయకపోతే మొదట తుప్పు పట్టేది అక్కడే.

కరెంట్ షాక్ విషయంలో చాలామంది హోల్డర్ వోల్టేజ్ తక్కువే కదా అని తేలిగ్గా తీసుకుంటారు. ఆర్క్ నడిచేటప్పుడు ఇరవై, ముప్పై వోల్టులే, కానీ ఆర్క్ లేనప్పుడు హోల్డర్ దగ్గర 60 నుంచి 80 వోల్టుల దాకా ఉంటుంది. మన ఎండల్లో గ్లౌజులు చెమటకి తడిసిపోతాయి, తడి గ్లౌజులతో రాడ్ మార్చడం, తడి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఇనుముకి ఆనుకుని చేయడం, ఇవి ప్రాణం తీస్తాయి. రెండు జతల గ్లౌజులు పెట్టుకో, ఒకటి ఎండలో ఆరుతుంటే ఇంకోటి వాడు. పొడి చెక్క పలక మీద నిలబడు. వాన పడుతుంటే, కొట్టంలో పేడనీళ్ళు కడిగి ఉంటే ఆ పూట పని ఆపేయ్. కేబుల్ తోలు లేచిన చోట టేప్ చుట్టి లాగించకుండా మార్చెయ్. పక్కన ఎండుగడ్డి ఉంటే జరిపెయ్, రవ్వ చాలా దూరం పోతుంది. నీళ్ళ బకెట్, ఇసుక దగ్గర పెట్టుకుని, పని అయ్యాక అరగంట అక్కడే ఉండి చూడు. నీళ్ళు మంట మీదకే, మెషిన్ మీద పడకూడదు.

ట్రాక్టర్ దగ్గరికి వచ్చేసరికి నాకు భయం వేసేది ఇక్కడే. డీజిల్ ట్యాంక్, పాత ఆయిల్ డ్రమ్ము, పురుగుమందు డ్రమ్ము ఎంత ఖాళీగా, ఎంత పాతగా కనిపించినా ముట్టుకోకు. లోపల మిగిలిన ఆవిరి చాలు పేలడానికి, నీళ్ళతో కడిగాం కదా అనుకుని చేసినవాళ్ళు పోయారు. ట్రాక్టర్‌కి తగిలించి ఉన్న దేని మీద వెల్డింగ్ చేసినా ముందు బ్యాటరీ కనెక్షన్ తీసేయ్, ఎర్త్ క్లాంప్ అతుకు పక్కనే పెట్టు, దూరంగా పెడితే కరెంట్ బేరింగుల గుండా వెళ్ళి వాటిని పాడుచేస్తుంది. ట్రాలీ డోరు, పక్క రేకులు, కొక్కేలు నువ్వు చేసుకోవచ్చు. ట్రాలీని ట్రాక్టర్‌కి తగిలించే హిచ్, ఇరుసు, జాకీ, నిచ్చెన, ఇవి విరిగితే మనుషులు పోతారు, వీటిని ఇప్పుడే చేయకు, చెయ్యి తిరిగిన వెల్డర్ దగ్గరికి తీసుకెళ్ళు. కమాన్ పట్టీలు, పోత ఇనుము మామూలు 6013తో అతకవు, అతికినట్టు కనిపించి పక్కనే పగులుతాయి.

దీన్నే ఉపాధి చేసుకోవచ్చా అని అడిగావు. చేసుకోవచ్చు, కానీ ఇంట్లో నేర్చుకున్నదాంతో ఆగిపోకు. ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ ఏడాది కోర్సు, ఎనిమిదో తరగతి పాసైతే చేరొచ్చు, ఆ సర్టిఫికెట్ ఉంటే అప్రెంటిస్‌గా పెద్ద కంపెనీలకి దారి ఉంటుంది. గల్ఫ్‌కి పోవాలన్నా, రిఫైనరీల్లో, పవర్ ప్లాంట్లలో చేయాలన్నా పొజిషన్ల పరీక్ష పెడతారు. 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించిన పైపు చుట్టూ వేసేదాన్ని 6జీ అంటారు, అది పాసైనవాడి జీతం వేరే లెక్కలో ఉంటుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్ బాలానగర్‌లోనో మంచి ఫాబ్రికేషన్ షెడ్డులో ఏడాది చేసినా చాలా వస్తుంది, అయితే గ్లాస్ ఇవ్వకుండా కళ్ళు మూసుకుని టాక్ కొట్టమనే షెడ్డు అయితే మొదటి రోజే బయటికి వచ్చెయ్.

ప్రస్తుతానికి కళ్ళు పూర్తిగా తగ్గేదాకా మెషిన్ ముట్టుకోకు. తగ్గాక హెల్మెట్ కొని, పట్టీ ముక్కల మీద గీతలు వేసి, టీ ముక్క ఒకటి విరగ్గొట్టు. విరిగిన ముఖం ఫొటో పెట్టు, వెల్డింగ్ పైభాగం ఫొటో అక్కర్లేదు. రాడ్ నంబర్, పెట్టిన ఆంప్స్, పట్టీ మందం పక్కన రాయి, ఎక్కడ కరగలేదో చూసి చెప్తాను.